తలుపు సందు

రాత్రంతా బకీట్ల గోకుడే గోకుడు.
మూతమీద సన్నెకల్లు పెట్టినా ఆగలే.
తెల్లారి లెక్కవెడితే పదకొండు.
సైదులు ఇచ్చిపోయింది పన్నెండు.

"దాని బతుకు దానిది, పోనీ.
ఉన్నవాటిని సూడు" అన్నడు మల్సూరన్న
మంచంల కూసునే.
మెడ తిరగదు వానికి.
మాటొక్కటే ఇల్లంత తిరుగుతది.

నాకు ఏడేండ్లప్పుడు
వరిమడి ఒడ్డుకు బోర్లవండి
బొర్రెల మోచేతిదాక చెయ్యి పెట్టేటోడు.
"పాముంటేనో?"
"పాము బొర్ర నున్నగుంటది పిల్లా.
ఎండ్రికాయ కొత్తమన్ను తెచ్చి వాకిట్ల పోసుకుంటది,
ఇల్లు తవ్వినోళ్ల లెక్క."
చెయ్యి బయటికొస్తే వేలుకొకటి ఏలాడుతుండేది.
రక్తం కారుతుంటే నవ్వేటోడు,
నేను ఏడ్సేదాన్ని.

ఆ చెయ్యి ఇప్పుడు పిడికిలి పట్టదు.

ఒక్క బోరునీళ్లే తాగినం అందరం.
నా పండ్లమీద పచ్చచారలు గీసి ఊకున్నయి.
వాని బొక్కలల్ల కాపురం పెట్టినయి.
నల్లగొండ దవాఖానల ఫొటో ఎత్తి చూపిచ్చిండ్రు:
వెన్నుపూస సున్నమేసిన గోడలెక్క తెల్లగ.
ఇప్పుడు నల్లాల క్రిష్ణ నీళ్లొస్తున్నయి.
వాటితోనే కడుగుతున్న,
ఒండ్రు పోయేదాక,
మూడుసార్లు.

పైచిప్ప ఊడవీకి, ఈకలసొంటివి తీసేసి,
డెక్కలు ఓ దిక్కు, సన్నకాళ్లు ఓ దిక్కు.
"కాళ్లు పారెయ్యకు, రోట్లేసి దంచు,
గుడ్డల పిండు. రుచంతా ఆడనే ఉంటది."
దంచిన. బూడిదరంగు పాలు కారినయి.

నూనెల ఉల్లిగడ్డ పడ్డది.
నేను ఎల్లిగడ్డ ముద్ద తీస్కునేలోపే
మంచం కాడికెళ్లి కేక:
"ఆగు! ఉల్లిగడ్డ ఇంక పచ్చిగనే అరుస్తుంది,
ఇనొస్తలేదా?"
మూకుడు కాడున్న నాకు ఇనలే.
వానికి ఇనొచ్చింది.

కారం, పసుపు, గుప్పెడు పుంటికూర.
నల్లటివి నల్లటివే ఏసిన,
చూస్తుండంగనే కాల్చిన ఇటుకలైనయి.
నా బిడ్డ మౌనిక ఖాళీ చిప్ప పట్టుకొని పోయింది వాని కాడికి.
"మామా, దీనికి బొక్కలేవి?"
"అవే బొక్కలు. పైనేసుకొని తిరుగుతది."
"మరి పెద్దగైతే?"
"పాతవి ఇడిసేస్తది. కొత్తవి తొడుక్కుంటది.
ఒడ్లమీద ఇడిసినయి ఎన్ని సూసిన్నో."
కొంచెంసేపు ఎవ్వరం మాట్లాడలే.
కూర ఉడుకుతుంది.
"ఉప్పు సాల్లేదు, వాసన చెప్తుంది" అన్నడు.

జొన్నరొట్టెలు. అందరి ముంగటా పళ్లాలు.
నా బిడ్డకు కొరికి ఇచ్చిన, పీల్చుకుంట తింటుంది.
పెద్ద డెక్క వాని పళ్లెంల ఏసిన,
ఏసి, పగలగొడ్దామని చెయ్యి సాపిన.
పళ్లెం ఎనక్కి గుంజుకున్నడు.

లేసిండు.
వాడు లేసుడంటే ఓ పెద్ద పని,
ముందు మోకాళ్లు, ఎనక గోడ, తర్వాత మనిషి.
డెక్కను వంటింటి తలుపు సందుల పెట్టిండు,
మడతబందు కాడ.
భుజంతోటి ఒక్క తోపు.

టక్.

తెల్లటి కండ, చెదరకుండ, ముక్కకు ముక్క.
"మూడు తలుపులు సూసిన పోయినేడు.
గిదొక్కటే మంచిగ పలుగుతది."
మా ఆయన మొన్ననే నీలం రంగేసిన తలుపు అది.
సందుల ఎర్రటి మరక.
మా ఆయన తలుపు దిక్కు చూసిండు,
నా దిక్కు చూసిండు,
తన పళ్లెంల డెక్క తీసి
అన్నకు అందిచ్చిండు.

టక్.

తెల్లారి ఆ మడతబందు మీద చీమలబారు.
తుడవలే.

పన్నెండోది దొరకలే.
రాత్రి బియ్యం బస్త ఎనక
గోకినట్టే ఇనవడ్డది.
నేను లేవలే.
పక్కర్రల నుంచి అన్న నవ్వినట్టైతే అనిపిచ్చింది.